బస్తాకు తూకం ఉంది, పిల్లగాడికి లేదు

"బక్కగున్నడు సార్, కుస్తీకి పనికిరాడు."

భద్రాచలం అడవి అంచున ఒక కాలేజీ గ్రౌండులో నా చెవులారా విన్న మాట ఇది. అన్నది ఆటల వ్యవహారం చూసే పెద్దమనిషి. పడ్డది ఒక కోయ పిల్లగాడు. వాడు మారుమాట అనలేదు. విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చిన దారినే పోయాడు. ఆ కాలేజీ పేరుతో, ఆ పెద్దమనిషి పేరుతో నాకు పని లేదు. ఒక్కడి నోటి మాటైతే నోటి దురుసు అని వదిలేసేవాణ్ని. పాల్వంచ నుంచి చర్ల దాకా ఏ గ్రౌండుకు పోయినా అదే మాట వినిపిస్తుంటే దాన్ని నోటి దురుసు అనరు, విధానం అంటారు. నా తగువు ఆ విధానంతో.

ముందు లెక్క చెబుతాను. ఒలింపిక్స్ కుస్తీలో ఈ దేశానికి ఇప్పటిదాకా వచ్చినవి ఎనిమిది పతకాలు. 1952 హెల్సింకీలో ఖాశాబా జాదవ్, 57 కిలోలు. 2008 బీజింగ్‌లో ఒకసారి, 2012 లండన్‌లో ఇంకోసారి సుశీల్ కుమార్, 66 కిలోలు. అదే లండన్‌లో యోగేశ్వర్ దత్, 60. 2016 రియోలో సాక్షి మలిక్, 58. టోక్యోలో రవి దహియా, 57. బజరంగ్ పునియా, 65. 2024 పారిస్‌లో అమన్ సెహ్రావత్, 57. ఎనిమిదింట్లో ఒక్కటంటే ఒక్కటి 66 కిలోలు దాటలేదు. మూడు పతకాలు సరిగ్గా 57 కిలోల దగ్గరే రాలాయి.

ఇప్పుడు చెప్పండి, ఎవరు బక్క? ఎవరు పనికిరారు?

సినిమాల్లో విలన్ పక్కన నిలబడే గుమ్మటం లాంటి మనిషిని చూసి చూసి, పహిల్వాన్ అంటే వాడే అనుకునే కళ్లు మనవి. వాలీబాల్‌కు ఎత్తు కావాలి, బాస్కెట్‌బాల్‌కు ఇంకా ఎత్తు కావాలి. కుస్తీ అలా కాదు. నీ బరువెంతో చెప్పు, నీ బరువువాడినే నీ ఎదుట నిలబెడతాను అంటుంది. ఆడపిల్లలకు ఒలింపిక్స్‌లో మొదటి మెట్టు 50 కిలోలు, తర్వాత 53, ఆ తర్వాత 57. మగపిల్లలకు మొదటి మెట్టే 57. దుమ్ముగూడెం, చర్ల, గుండాల, కరకగూడెం మండలాల్లో ఏ గూడేనికి పోయినా ఆ బరువు పిల్లలు కనబడతారు. పొద్దున లేస్తే గుట్ట ఎక్కి దిగేవాళ్లు, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వాగు దాటేవాళ్లు. ఒంటి మీద పిడికెడు కొవ్వు ఉండదు, కాలు జారదు, పట్టు వదలదు. అట్లాంటి ఒళ్లున్న పిల్లలను ఎత్తు కొలిచి వెనక్కి పంపుతున్నాం.

ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆకలితో వచ్చిన బక్కతనాన్ని నేను పొగడటం లేదు. రక్తం లేని ఒంటిని ఆటగాడి ఒళ్లని నమ్మించే దగా నాకు చేతకాదు. వీళ్లకు గుడ్డు కావాలి, పాలు కావాలి, పప్పు కావాలి. నేననేది ఇంతే: తిండి పెట్టి 57 కిలోల మల్లుణ్ని చేయాల్సిన పిల్లగాణ్ని, 80 కిలోలు లేడన్న కారణంతో తోసేయడం తెలివితక్కువతనం కూడా, పాపం కూడా.

ఈ తెలివితక్కువతనం కొత్తది కాదు. జాదవ్‌కూ ఇదే జరిగింది. 1940ల చివర్లో కొల్హాపూర్ రాజారాం కాలేజీలో చదువుతున్నప్పుడు, వార్షిక క్రీడల్లో కుస్తీకి పేరిస్తానంటే ఆటల మాస్టారు ఆయన ఒడ్డూపొడుగూ చూసి వద్దన్నాడు. ఉన్నది అయిదడుగుల అయిదంగుళాలు. జాదవ్ పోయి ప్రిన్సిపాల్‌ను బతిమాలుకున్నాడు. ప్రిన్సిపాల్ సరేనన్నాడు. తనకంటే పెద్ద ఒళ్లున్న వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పడేశాడు. తర్వాత హెల్సింకీ పోవడానికి డబ్బు చాలకపోతే, అదే కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు తెచ్చిచ్చాడు. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అట్లా వచ్చింది. ఒక కాలేజీ గ్రౌండులో ఒకాయన వద్దన్నాడు, ఇంకొకాయన రమ్మన్నాడు. మధ్యలో ఉన్నది ఒక కుర్చీ మాత్రమే.

మన కాలేజీల్లో ఆ కుర్చీ సంగతేమిటి?

ఇల్లు తాకట్టు పెట్టమని ఏ ప్రిన్సిపాల్‌నూ నేను అడగను. అడగాల్సిన అవసరం రావడమే సిగ్గు. నేనడిగేది ఒక ఉద్యోగం, ఒక మనిషి. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టు కావాలంటే వ్యాయామ విద్యలో పీజీ, అందులో 55 శాతం మార్కులు, ఆపైన నెట్ గానీ సెట్ గానీ ఉండాలి. ఆటల రికార్డు అడుగుతారు, 12 నిమిషాల పరుగు కూడా పెడతారు. తప్పని నేననను. కానీ ఏ ఆట అని ఎవరూ అడగరు. క్రికెట్ ఆడివచ్చిన పీడీ సారు కుస్తీ కూడా చూస్తాడు, ఖోఖో కూడా చూస్తాడు, జెండా పండుగకు కవాతు కూడా చూస్తాడు, పరీక్షలొస్తే ఇన్విజిలేషనూ చూస్తాడు. పోస్టు ఖాళీగా ఉంటే అదీ లేదు. గ్రౌండు గేటు తాళం ఏ లెక్చరర్ జేబులో ఉంటే ఆయనే పీడీ. మరి కోచ్? కోచ్ అనే జీవికి మన కాలేజీలో కుర్చీయే లేదు.

కోచ్ లేనిచోట జట్టు ఎట్లా తయారవుతుందో ఒక కుర్రాడు నాకు చెప్పాడు. యూనివర్సిటీ పోటీలు దగ్గరపడ్డాయి. ఒక బరువు తరగతిలో పేరివ్వడానికి మనిషి లేడు. "నువ్వు నిలబడు, సర్టిఫికెట్ వస్తది" అన్నారట. లంగోటా ఎట్లా కడతారో తెలియనివాడు పోయి మ్యాట్ మీద నిలబడ్డాడు. నిమిషం కూడా నిలవలేదు. మెడ పట్టుకుని మూడు వారాలు తిరిగాడు. మన దగ్గర కాలేజీ ఆటగాళ్ల ఎంపిక అంటే ఇది: ఆటగాడి కోసం వెతకరు, ఖాళీ గడి నింపడానికి వెతుకుతారు. క్రీడా కోటా ఉద్యోగానికి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల కాగితం ఫారం-3గా పనికొస్తుంది కాబట్టి, ఆ కాగితమే ఆట అయిపోయింది. పిల్లగాడు కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. వాణ్ని వెతుక్కుంటూ వాడి గూడేనికి పోయేవాడు ఒక్కడూ లేడు.

తిరగాల్సింది ఎవరో అమెరికా వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. అక్కడ కాలేజీ కుస్తీలో కోచే పిల్లగాడి ఇంటికి పోతాడు. హైస్కూల్ పోటీల్లో చూసి, వాళ్లమ్మానాన్నలతో కూర్చుని, మా కాలేజీకి పంపండి, చదువూ చెబుతాం, కుస్తీ నేర్పుతాం అంటాడు. అక్కడేమీ డబ్బు వరదలై పారలేదు. మొన్నమొన్నటి దాకా పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ జట్టు మొత్తానికి ఉన్నవి 9.9 స్కాలర్‌షిప్‌లే. ముప్పై మందికి దాన్నే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇంకో సంగతి, వాళ్ల కాలేజీ కుస్తీలో మొట్టమొదటి తరగతి 125 పౌండ్లు. మన లెక్కలో దాదాపు 57 కిలోలు! మనం బక్క అని తోసేసే ఒంటి కోసం అక్కడ కోచ్‌లు రాష్ట్రాలు దాటి పోతున్నారు.

కోచ్ నియామకం ఎంత పని చేస్తుందో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాన్ని అడగండి. అంతకుముందు ఆ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది 1953లో ఒక్కసారే. 2009లో కేల్ శాండర్సన్‌ను కోచ్‌గా తెచ్చుకున్నారు. విద్యార్థిగా 159 కుస్తీలు పట్టి ఒక్కటీ ఓడనివాడు, 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. రెండేళ్లు తిరిగేసరికి, 2011లో టైటిల్ వచ్చింది. 2025 దాకా లెక్కేస్తే ఆయన చేతి మీదుగా పన్నెండు. గాలి మారలేదు, నీళ్లు మారలేదు. ఒక మనిషిని సరిగ్గా ఎంచి తెచ్చుకున్నారు, కదిలించకుండా ఉంచుకున్నారు.

అమెరికా మనకెందుకంటారా? ఢిల్లీకి రండి. 1982 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన సత్‌పాల్ ఢిల్లీ ప్రభుత్వ ఉద్యోగిగా ఉంటూనే ఛత్రసాల్ స్టేడియంలో పిల్లలను పోగేసి కుస్తీ నేర్పాడు. సుశీల్, యోగేశ్వర్, రవి దహియా, అమన్ అక్కడి మట్టి తిన్నవాళ్లే. తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న అమన్‌కు ఆ స్టేడియమే ఇల్లయింది. అదే స్టేడియంలో 2021లో దెబ్బలు తిన్న ఒక యువ మల్లుడి ప్రాణం పోయింది, ఆ కేసులో సుశీల్ జైలుకు పోయాడు. ఆ మరక నేను దాచను. గోదాకు ఉస్తాద్ ఎంత అవసరమో, ఆ ఉస్తాద్ మీద ఒక కన్ను అంతే అవసరం. కానీ ఒక ప్రభుత్వ స్టేడియం, ఒక ప్రభుత్వ ఉద్యోగి, ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటే ఏమవుతుందో ఛత్రసాల్ చూపించింది. మన దగ్గరో? కోచ్ ఎక్కడైనా ఉన్నా ఒప్పందం మీదే. ఒప్పందం ముగిస్తే వాడే పని వెతుక్కుంటూ రోడ్డు మీద ఉంటాడు. పిల్లగాడికి ధోబీపాట్ పట్టు వేయడం వచ్చేలోపు గురువు మారిపోతాడు.

"ఖమ్మం వైపు కుస్తీ ఎక్కడిది సార్, ఇది కబడ్డీ నేల" అంటారు ఇంకొందరు. నిజమే. ఇక్కడి పిల్లలకు కబడ్డీ ప్రాణం. కబడ్డీలో కాలు పట్టి లాగడం, నడుం పట్టి మోకాళ్ల మీదికి దించడం తెలిసిన పిల్లగాడికి కుస్తీ నేర్పడం ఎంత సేపు? సగం విద్య వాడి ఒంట్లోనే ఉంది. మిగతా సగం నేర్పేవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. నిజామాబాద్, కామారెడ్డి వైపు జాతరలకు పోయి చూడండి. కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతుంది. చిన్న పిల్లలు కొబ్బరికాయ కోసం పడతారు, పొద్దు వాలేసరికి పెద్ద మల్లులు వెండి కడియం కోసం పడతారు. మహారాష్ట్ర, కర్ణాటక నుంచి కూడా దిగుతారు. హైదరాబాద్ పాతబస్తీలో, బార్కస్‌లో కుస్తీ నేర్పే తాలింఖానాల చరిత్ర తరాలది. ఆ మట్టిలో పెరిగి, దండీలు బస్కీలు తీసి తీసి, ముప్పై ఏళ్లకే సెక్యూరిటీ గార్డు డ్రస్సు తొడుక్కున్న పహిల్వాన్లు ఎంతమంది! వాళ్లకు పట్టు తెలుసు. నెట్ తెలియదు. అందుకే వాళ్లకు కాలేజీ గేటు లోపలికి దారి లేదు.

తెలుగువాళ్లం కోడి రామమూర్తి పేరు చెప్పి మీసం మెలేస్తాం. కలియుగ భీముడని విగ్రహాలు పెడతాం. వీరఘట్టంలో పుట్టిన ఆ మహాబలుడు సర్కస్ పెట్టి ప్రపంచం చుట్టకముందు, విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారు. ఆట తెలిసినవాడే బడిలో మాస్టారుగా ఉన్న రోజులవి. ఆ మాట విగ్రహాల కింద పలకల మీద ఎందుకు రాయరో నాకు తెలుసు. రాస్తే మరుసటి రోజే జనం అడుగుతారు, మా బడిలో మాస్టారేడీ అని.

ఇక సరిహద్దు సంగతి. 2014లో పోలవరం పేరు చెప్పి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, అది అటు. రాముడి గుడి ఇటు, పురుషోత్తపట్నంలో రాముడి భూములు అటు. దేవుడికే దిక్కులేని గీత ఇది, పిల్లగాడి మాటేమిటి? ఎటపాక పిల్లగాడు భద్రాచలంలో చదువుకుంటాడు. రాష్ట్ర జట్టు ఎంపికలకు పోతే స్థానికత అడుగుతారు. ఇటువాళ్లు నువ్వు అటువాడివంటారు, అటువాళ్లకు వాడు గుర్తుండడు. చింతూరు, కూనవరం పిల్లల కథ ఇదే. ఛత్తీస్‌గఢ్ కొంట వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లల కథ ఇంకా అన్యాయం.

ఈ గీతను తుడిచేసే దారి ఒక్కటుంది. అదే కాలేజీ కుస్తీ. విశ్వవిద్యాలయాల పోటీల్లో నువ్వు ఎక్కడ పుట్టావని అడగరు, ఎక్కడ చదువుతున్నావని అడుగుతారు. భద్రాచలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరిన పిల్లగాడు ఎటపాకవాడైనా, కొంటవాడైనా, చర్లవాడైనా కాకతీయ విశ్వవిద్యాలయం జెర్సీ వేసుకుంటాడు. మూడు రాష్ట్రాల అడవి బిడ్డలు ఒకే జట్టుగా నిలబడే చోటు ఇంకొకటి చూపించండి నాకు. ఇంత మంచి తలుపు తెరిచి ఉంటే, దాని ముందు మనం మ్యాట్ కూడా వేయలేదు.

మ్యాట్ ఖరీదంటారేమో. పోటీ మ్యాట్ పన్నెండు మీటర్ల చదరం, ఖరీదైనదే. కానీ నేర్చుకునేందుకు మట్టి గోదా ఉంది కదా! ఎర్రమట్టి జల్లెడపట్టి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కితే గోదా తయారు. జాదవ్ మట్టిలో నేర్చుకునే 1948లో లండన్ పోయాడు, మ్యాట్ మీద ఆరో స్థానంలో నిలిచాడు. మట్టికి టెండర్ పిలవాల్సిన పని లేదు. బహుశా అందుకే ఎవరికీ ఉత్సాహం లేదు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. విశ్వవిద్యాలయాల పోటీలు చలికాలంలో వస్తాయి. ఈ అంచున చలికాలమంటే మిరప కోతలు. జనవరి వచ్చిందంటే తరగతి గదుల్లో సగం బెంచీలు ఖాళీ. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చేలల్లో ఉంటారు. మిరప అయ్యేసరికి ఇప్పపూలు, ఆ వెనకే తునికాకు. ఈ క్యాలెండర్ ఏ క్రీడా అధికారి గోడ మీదా లేదు. శిక్షణ శిబిరానికి రమ్మని పిలిస్తే పిల్లగాడు ఏం వదులుకుని రావాలో వాళ్లకు తెలియదు. ఆ రోజు కూలి వదులుకుని రావాలి. కూలితో ఇంట్లో ఉప్పు, పప్పు వస్తాయి. శిబిరంలో అరటిపండు, రెండు ఇడ్లీలు వస్తాయి. రాలేదని పేరు కొట్టేస్తారు, పైగా "వీళ్లకు ఆసక్తి లేదు" అని రిజిస్టరులో రాస్తారు. ఆసక్తి లేనిది ఎవరికి?

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2023 జనవరిలో సాక్షి, వినేశ్ ఫోగట్, బజరంగ్ ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఎందుకు కూర్చున్నారో దేశమంతా చూసింది. జాతీయ సమాఖ్య అప్పటి అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి, న్యాయం కోసం నడిరోడ్డు మీద పడుకున్నారు. ఒలింపిక్ పతకమున్న సాక్షికే గతి అది. గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే 50 కిలోల పిల్లకు ఎవరు దిక్కు? పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం స్టేడియాన్నీ, క్రీడా సంస్థనూ పనిచోటుగానే లెక్కించింది, ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. కాబట్టి మహిళా కోచ్ లేకుండా, ఆ కమిటీలో ఎవరున్నారో పిల్లలకు తెలియకుండా ఆడపిల్లల జట్టు పెట్టకండి. పెట్టి, అమ్మాయిలు రావడం లేదని నిట్టూర్చకండి.

ఇదంతా అయ్యే పనేనా అనేవాళ్లకు చర్ల మండలం కలివేరు గుర్తుచేస్తాను. ఆ ఊరి పిల్లగాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. అన్నపురెడ్డిపల్లి గురుకులంలో చదువుకున్నాడు. 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కాడు. చర్లలో మంచు కొండలున్నాయా? లేవు. పర్వతారోహణ సంప్రదాయముందా? లేదు. గురుకులాల్లో పిల్లలను వెతికినవాళ్లున్నారు, భువనగిరి గుట్ట మీద తాడు పట్టించినవాళ్లున్నారు, ఒళ్లు చూసి వద్దనకుండా ఎక్కించి చూసినవాళ్లున్నారు. అంతే. కూనవరం మండలం పిల్ల కుంజా రజిత 2021లో నైరోబీ ప్రపంచ జూనియర్ పోటీల్లో రిలే పరుగు పెట్టింది, ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆమెనూ ఎవరో చూశారు, ఎవరో చేయి పట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురిని అదృష్టం చూసింది. మిగతావాళ్లను చూడటానికి జీతమిచ్చి మనిషిని పెట్టమంటున్నాను.

నా డిమాండ్ చిన్నది. భద్రాచలంలో ఒక కుస్తీ కోచ్ పోస్టు, ఒప్పందం కాదు, పోస్టు. అర్హతగా పటియాలాలో ఇచ్చే కోచ్ శిక్షణ పత్రమో, గోదా మీద గెలిచిన రికార్డో చూడండి. మార్కుల మెమో పక్కన పెట్టండి. ఆ కోచ్‌కు ఒక మోటార్ సైకిల్ ఇవ్వండి, నెలకు పదిహేను రోజులు మండలాలు తిరగమనండి. ఆశ్రమ పాఠశాలలు, ఇంటర్ కాలేజీలు, కబడ్డీ పోటీలు, జాతరలు, ఎక్కడ పిల్లలుంటే అక్కడికి. ఎంపికైన పిల్లలకు శిబిరం రోజుల్లో కూలికి సమానంగా భత్యం, రెండు పూటలా గుడ్డూ పాలూ. ఒక మట్టి గోదా, కొన్నాళ్లకు ఒక మ్యాట్. అయిదేళ్లు కదిలించకండి. అయిదేళ్లకు కాకతీయ జట్టులో ఈ అంచు పిల్లలు కనబడకపోతే, అప్పుడు నా దగ్గరికి రండి.

పారిస్‌లో వినేశ్‌ను వంద గ్రాములు ఎక్కువుందని ఫైనల్ ఆడనివ్వలేదు. కుస్తీలో తూకం అంత కచ్చితం. ఖమ్మం మిర్చి యార్డులోనూ తూకం అంతే కచ్చితం. బస్తా కాంటా మీద పడుతుంది, ముల్లు ఆగుతుంది, అంకె చీటీ మీదికెక్కుతుంది, పావుకిలో తేడా వస్తే గొడవే. ఆ బస్తాను భుజం మీద వేసుకుని వచ్చినవాడు పక్కకు జరిగి నిలబడతాడు. గ్రౌండులో నుంచి చెప్పులు పట్టుకుని పోయినవాడి ఈడువాడే. వాడి బరువెంతో ఎవరూ అడగరు. నన్నడిగితే చెబుతాను: 57.